కోయాసాన్ కొండ మీద ‘అ’

ఇంటికొచ్చి మూడు రోజులైంది. సూట్‌కేసు ఇంకా పూర్తిగా సర్దలేదు, అయినా మరిచిపోకముందే రాసేయాలని కూర్చున్నాను. నవంబర్ మొదటి వారంలో అమ్మా నేనూ జపాన్ వెళ్ళొచ్చాం. చూసినవి నాలుగే ఊళ్ళు: క్యోటో, నారా, కోయాసాన్, నాచి. టోక్యో వైపు వెళ్ళనే లేదు.

అమ్మకు అరవై ఆరేళ్ళు. రాజమండ్రిలో ముప్పై ఏళ్ళు ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించింది. నాన్న పోయాక ఇది రెండో కార్తీకం. ఏటా పౌర్ణమికి గోదావరి రేవులో 365 వత్తులు వెలిగించడం ఆమె అలవాటు. ప్రయాణం సరిగ్గా ఆ వారంలోనే పడిందని చెప్పినప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరేలే, వత్తులు అక్కడికే పట్టుకెళ్దాం" అంది. నేతిలో తడిపిన వత్తుల కట్టను చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, మూతకు టేపు చుట్టి, పెద్ద పెట్టెలో కందిపొడి సీసా పక్కన సర్దింది.

నవంబర్ 2, క్యోటో

పొద్దున్న ఆరింటికల్లా ఫుషిమి ఇనారి గుడి దగ్గర ఉన్నాం. క్రీ.శ. 711 నాటి గుడి. టికెట్ లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. 233 మీటర్ల ఎత్తున్న కొండ మీదికి పోయే దారంతా వేల కొద్దీ ఎర్రటి తోరణాలు. వాటిని తోరీలంటారు. ఎక్కేటప్పుడు వట్టి ఎరుపే కనిపిస్తుంది. ఆయాసం తీర్చుకుందామని ఆగి వెనక్కి చూస్తే ప్రతి స్తంభం మీదా నల్లటి అక్షరాలున్నాయి. ఆ తోరణం ఇచ్చినవాళ్ళ పేరూ, తేదీ. "మన గుళ్ళల్లో మెట్ల మీద దాతల పేర్లు చెక్కిస్తారే, అలాగే" అంది అమ్మ. సగం దాకా ఎక్కి దిగిపోయాం. మోకాళ్ళు కోయాసాన్‌కి దాచుకోవాలి.

ఆ రోజు మా మనసు నిలిచిపోయింది సంజూసంగెన్‌దోలో. ఆ పేరుకు అర్థం ముప్పై మూడు అంకణాల హాలు అని. 120 మీటర్ల పొడవున్న చెక్క మందిరం. 1164లో కట్టారు, 1249లో కాలిపోయింది, 1266లో మళ్ళీ కట్టారు. లోపల 1001 కన్నోన్ విగ్రహాలు. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే. ఆ మంటల్లోంచి 124 విగ్రహాలను మోసుకొచ్చి కాపాడారట. మనిషంత ఎత్తున్న విగ్రహాలను, కాలుతున్న మందిరంలోంచి! టికెట్ ఒక్కొక్కరికి 600 యెన్లు. మేము వెళ్ళినప్పటి లెక్కలో వంద యెన్లంటే సుమారు 58 రూపాయలు, అంటే మూడు వందల యాభై దాకా.

చెప్పులు విప్పి చల్లటి చెక్క నేల మీద నడవాలి. ఫోటోలు తీయనివ్వరు, అదే మంచిదైంది. విగ్రహాల వరసల ముందు ఇరవై ఎనిమిది మంది రక్షక దేవతలు నిలబడి ఉంటారు. అమ్మ ఒక్కొక్కరి ముందూ ఆగుతోంది. ముక్కూ రెక్కలూ ఉండి పిల్లనగ్రోవి ఊదుతున్న ఒకాయన దగ్గర "గరుత్మంతుడు కదూ?" అని గట్టిగా అడిగేసింది. ఆయనే. కరుర అంటారు ఇక్కడ. ఇంద్రుడున్నాడు. ఎముకల గూడులా బక్కచిక్కి, చేతికర్ర పట్టుకుని వసువనే ఋషి ఉన్నాడు. అతని కళ్ళలో పొదిగిన స్ఫటికానికి వెలుతురు తగిలి తడిగా మెరుస్తున్నాయి. ఇంతమందికి ఇన్ని వందల ఏళ్ళుగా దుమ్ము దులిపి, దీపం పెట్టి చూసుకుంటున్నందుకు అక్కడ కనిపించిన గుడి మనిషికి అమ్మ చేతులెత్తి దండం పెట్టింది. ఆయన నడుం వంచి బదులు చెప్పాడు.

ఇక తిండి. కార్తీకంలో అమ్మ ఉల్లి, వెల్లుల్లి తినదు. మాంసం, చేప, గుడ్డు ఎప్పుడూ ముట్టదు. జపాన్‌లో మనలాంటివాళ్ళకు అసలు చిక్కు దాషితో వస్తుంది. ఎండబెట్టిన బొనీటో చేప తురుము, సముద్రపు నాచు వేసి కాచే కట్టు అది. పులుసుల్లో, ఉడికించిన కూరల్లో, చివరికి పాలకూరలో కూడా ఉంటుంది. ఏమేం తినమో జపనీస్‌లో రాయించి కాగితం పట్టుకెళ్ళాను. గుడి దగ్గర ఒక చిన్న హోటల్లో వేయించిన తోఫూ (సోయా పాల పనీర్) వేసిన ఉదోన్, అంటే లావాటి గోధుమ సేమ్యా, చెప్పి కూర్చున్నాం. వడ్డించే పెద్దావిడ కాగితాన్ని రెండుసార్లు చదివి వంటింట్లోకి వెళ్ళి, వెంటనే తిరిగొచ్చి, గిన్నెలోని కట్టు చూపిస్తూ చేప ఈదుతున్నట్టు చెయ్యి ఆడించింది. చెప్పకుండా పెట్టేసినా మాకు తెలిసేది కాదు. ఆమె విడిగా మంచినీళ్ళలో ఉదోన్ ఉడకబెట్టి, అల్లం తురుము, సోయా సాస్ వేసి తెచ్చింది. బిల్లు కూడా తగ్గించి 400 యెన్లే తీసుకుంది. డబ్బు చేతికివ్వకూడదు, కౌంటర్ మీది చిన్న పళ్ళెంలో పెట్టాలి. టిప్పు పెడితే వెనకాలే పరిగెత్తుకొచ్చి ఇచ్చేస్తారు.

రాత్రికి సూపర్‌మార్కెట్లో వేడి చేసుకునే అన్నం ప్యాకెట్లు, చప్పటి పెరుగు దొరికాయి. కందిపొడి, పెరుగన్నం. ఇక అమ్మ తిండి గురించి నాకు టెన్షన్ తగ్గింది.

నవంబర్ 3, నారా

జపాన్‌లో ఆ రోజు సంస్కృతి దినం, సెలవు. నారా పార్కులో పిల్లల కేరింతలు, జింకలు. వెయ్యికి పైగా జింకలు కట్టూ కంచే లేకుండా ఊళ్ళో తిరుగుతాయి. కసుగ గుడి దేవుడు తెల్ల జింకనెక్కి వచ్చాడని నమ్మకం. తవుడుతో చేసిన బిస్కెట్ల కట్ట 200 యెన్లు. చుట్టిన కాగితం పట్టీని జింక తిన్నా ఏమీ కాదు, అలాగే తయారు చేస్తారు. జింక తల వంచి దండం పెట్టాక బిస్కెట్ ఇవ్వాలి. అయిపోయాక రెండు అరచేతులూ తెరిచి చూపించాలి, లేకపోతే కొంగు పట్టుకుంటుంది. అమ్మ కొంగు పట్టుకుంది కూడా.

తోదాయ్‌జి ఆలయంలోని మహాబుద్ధుడి గురించి చదువుకునే వెళ్ళాను. పదిహేను మీటర్ల కంచు విగ్రహం. ఇప్పుడున్న మందిరం 1709 నాటిది. అంతకు ముందున్నది ఇంకా వెడల్పుగా ఉండేదట. నేను అమ్మకు చెప్పాలనుకున్నది బోధిసేనుడి సంగతి. దక్షిణ భారతదేశపు బ్రాహ్మణుడు, బౌద్ధ భిక్షువు. చైనా మీదుగా 736లో జపాన్ చేరాడు. 752లో ఈ విగ్రహానికి కన్నులు దిద్దే పెద్ద వేడుకలో కుంచె పట్టుకున్నది ఆయనే. కుంచెకు పొడుగాటి తాడు కట్టి, వచ్చినవాళ్ళంతా దాన్ని పట్టుకున్నారు, ఆ పుణ్యం అందరికీ అందాలని. ఆ కుంచె ఇప్పటికీ షోసోయిన్ భాండాగారంలో భద్రంగా ఉంది.

"నేత్రోన్మీలనం" అంది అమ్మ వెంటనే. మన గుళ్ళల్లో ప్రతిష్ఠ రోజున చేసేది. నేను ఇంగ్లీషులో చదివి, తెలుగులో ఎలా చెప్పాలా అని వెతుక్కుంటున్న మాట ఆమె నోట్లో తయారుగా ఉంది. బుద్ధుడి కళ్ళ వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాం. 800 యెన్ల టికెట్‌కి నాకు మిగిలింది ఆ నిలబడ్డ సమయమే.

సాయంత్రం బజార్లో ఇద్దరు మనుషులు పెద్ద చెక్క రోట్లో మోచి, అంటే ఉడికించిన జిగురు బియ్యపు ముద్ద, దంచుతున్నారు. ఒకడు రోకలి ఎత్తిన క్షణంలో రెండోవాడు చెయ్యి పెట్టి పిండి తిప్పుతాడు. అమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. "మా అమ్మా, పెద్దమ్మా అరిసెల పిండి ఇలాగే దంచేవాళ్ళు" అంది. ఆకుపచ్చటి మోచి, లోపల తియ్యటి ఎర్ర చిక్కుడు గింజల ముద్ద, పైన సోయా పిండి. వేడివేడిగా తిన్నాం, నాలుక్కి చలిమిడి గుర్తొచ్చింది.

మర్నాడు హోర్యూజి ఆలయానికి వెళ్ళాం. ప్రపంచంలో ఇంకా నిలిచి ఉన్న అతి పాత చెక్క కట్టడాలు అక్కడివే. వర్షంలో చూశాం, ఎక్కువ రాయలేను.

నవంబర్ 5, కోయాసాన్

కార్తీక పౌర్ణమి. కొండ కింద స్టేషన్ పేరు గోకురాకుబషి, అంటే స్వర్గానికి వంతెన. అక్కణ్ణించి కేబుల్ కారులో అయిదు నిమిషాలు. పైన 800 మీటర్ల ఎత్తులో, కొండల మధ్య పళ్ళెంలాంటి చోట ఊరు. వందకు పైగా ఆలయాలు, వాటిలో యాభై దాకా యాత్రికులకు గదులిస్తాయి. 816లో చక్రవర్తి ఈ కొండను కూకై అనే బౌద్ధ భిక్షువుకు ఇచ్చాడు. జనం ఆయన్ని కోబో దైషి అని కొలుస్తారు. ఒకప్పుడు ఆడవాళ్ళను లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. కొండ అంచున వాళ్ళు ఆగి మొక్కుకున్న మందిరం ఒకటి ఇంకా ఉంది. బస్సులోంచి అది చూసి అమ్మ ఏమీ అనలేదు, దండం మాత్రం పెట్టింది.

పైన స్టేషన్‌లో దిగి, దగ్గరే కదా నడుద్దామని రోడ్డెక్కాం. వెంటనే ఒక ఉద్యోగి పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ గుణకారం గుర్తులా పెట్టాడు. ఆ రోడ్డు బస్సులకే, నడవడానికి లేదు. మా సంచి కూడా తనే పట్టుకుని బస్సు దాకా తెచ్చి ఎక్కించాడు.

మేము దిగిన ఆలయంలో ఇద్దరికీ రెండు పూటల భోజనంతో 30,000 యెన్లు, పదిహేడు వేల రూపాయల పైమాటే. ఈ ప్రయాణంలో అన్నిటికంటే ఎక్కువ పెట్టింది ఈ ఒక్క రాత్రికే, అయినా మళ్ళీ పెడతాను. గదిలోకి వెళ్ళగానే అమ్మ స్టీలు డబ్బా బయటికి తీసింది. ఫోన్లో అనువాదం పెట్టి యువ భిక్షువును అడిగాను. ఆయన వత్తుల కట్టను రెండు చేతులతో అందుకుని, ఒక్కొక్క రోజుకీ ఒక్కొక్క వత్తి అన్నది విని, మళ్ళీ మళ్ళీ తల ఊపాడు. తర్వాత చాలా బాధగా, ఇక్కడ కుదరదన్నాడు. అంతా చెక్క, ఈ కొండ ఎన్నోసార్లు కాలిపోయింది. ఓకునోఇన్‌లో కొవ్వొత్తి వెలిగించమని చెప్పి, బస్సు టైము చీటీ మీద రాసిచ్చాడు.

ఓకునోఇన్ అంటే కోబో దైషి సమాధి ఉన్న అడవి. రెండు కిలోమీటర్ల దారి, రెండు లక్షలకు పైగా సమాధులు, ఆకాశాన్ని అంటే దేవదారు చెట్లు. పాత దారి మొదటి వంతెన దగ్గర మొదలవుతుంది. మేము ఆ స్టాపు దాటిపోయి ఓకునోఇన్-మాఎలో దిగాం. అటువైపు కొత్త సమాధులు. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం కట్టించినవి, ఒకటి రాకెట్ ఆకారంలో ఉంది. చెదపురుగులకు కూడా ఒక స్మారకం ఉంది, చెదల మందు కొట్టేవాళ్ళ సంఘం పెట్టించింది. "ప్రశాంతంగా నిద్రపోండి" అని రాశారు దాని మీద. చదివి చెప్తే అమ్మ అక్కడే ఆగిపోయింది. "చంపక తప్పని పనిలో ఉన్నవాళ్ళు కదే, లోపల ఎంత బరువుంటే ఇది పెట్టించుంటారు" అంది.

పాత దారిలో కలిశాక నాచు పట్టిన రాతి స్తూపాలు మొదలయ్యాయి. ఒకదాని మీద ఒకటి అయిదు రాళ్ళు: కింద చదరం, దాని మీద గుండ్రం, త్రికోణం, అర్ధచంద్రం, పైన మొగ్గ. భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. ఒక్కో రాయి మీద ఒక్కో అక్షరం. అవి జపనీస్ కావు, సిద్ధం అనే మన పాత లిపి. కింది నుంచి అ, వ, ర, హ, ఖ. కూకై చైనాలో ఉన్నప్పుడు, నలందాలో చదివిన ప్రజ్ఞ అనే భిక్షువు దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు. ఆ అక్షరాలు ఈ కొండ మీద ఇలా నిలబడ్డాయి. అమ్మ కిందికి వంగి, భూమి రాతి మీది గీతల్లో పేరుకున్న నాచు పైనుంచి వేలితో అక్షరం దిద్దింది. మెల్లగా, పిల్లవాడి చెయ్యి పట్టుకుని దిద్దించినట్టు. "అ" అని పైకే అంది.

చివరి వంతెన దాటాక ఫోటోలు, తిండి, పెద్ద మాటలు లేవు. టోపీ తీసి తల వంచి దాటాలి. వంతెన ముందు వరసగా కంచు విగ్రహాలు, పోయినవాళ్ళ కోసం వాటి మీద గరిటెతో నీళ్ళు పోస్తారు. అమ్మ మూడుసార్లు పోసింది. పెదవులు కదిలాయి. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను.

కోబో దైషి 835లో ధ్యానంలోకి వెళ్ళాడని, ఇంకా ధ్యానంలోనే ఉన్నాడని ఇక్కడి నమ్మకం. రోజూ రెండుసార్లు ఆయనకు భోజనం తీసుకెళ్తారు. మంత్రాలయం నాలుగుసార్లు వెళ్ళొచ్చిన అమ్మకు జీవసమాధి గురించి నేను చెప్పాల్సిందేమీ లేదు. సమాధి ముందు దీపాల మందిరంలో పది వేలకు పైగా దీపాలున్నాయి. వాటిలో ఒకటి పేదరాలి దీపం. తల్లిదండ్రుల పేరున దీపం పెట్టడానికి డబ్బు లేక ఒక అమ్మాయి తన జుట్టు అమ్ముకుందట. ఆ దీపం వెయ్యేళ్ళుగా ఆరలేదంటారు. బయట అమ్మ ఒక తెల్ల కొవ్వొత్తి కొని వెలిగించింది. గాలికి రెండుసార్లు ఆరింది. మూడోసారి పక్కనున్న ముసలాయన తన రెండు చేతులూ అడ్డం పెట్టాడు, నిలబడింది.

సాయంత్రం ఆలయంలో ధ్యానం నేర్పారు. పేరు అజికన్, ‘అ’ అనే అక్షరాన్ని చూస్తూ ధ్యానం. గోడకు వేలాడదీసిన పటంలో తామరపువ్వు మీద తెల్లటి పూర్ణచంద్రుడు, చంద్రుడిలో బంగారు రంగు ‘అ’. అన్ని శబ్దాలకూ అదే మొదలు, దానికి మొదలు లేదు అని భిక్షువు వివరించాడు. ఊపిరి వదులుతూ అందరం "అ" అనాలి. ఏడుగురం ఉన్నాం, ఇద్దరు ఫ్రాన్స్ వాళ్ళు. అమ్మ గొంతు మొదట వినిపించలేదు. తర్వాత స్పష్టంగా, నిలకడగా, క్లాసులో వెనక బెంచీ దాకా వినిపించే ఆ పాత గొంతు వచ్చింది. నాన్న పోయాక నేను దాన్ని వినలేదు.

రాత్రి భోజనం గదికే తెచ్చారు. ఎర్రటి లక్క పళ్ళాల్లో చిన్న చిన్న గిన్నెలు. ఆలయ వంటలో మాంసం, చేప ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా నిషేధమే. కట్టు సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. కాగితం చూపించాల్సిన పని లేకుండా అమ్మ అన్నీ తిన్నది ఆ ఒక్క పూటే. నువ్వుల తోఫూ నాకు బాగా నచ్చింది. చెంచా దిగితే జున్నులా కదులుతుంది, నోట్లో పెట్టగానే నువ్వుల కమ్మదనం. ఈ కొండ పేరుతోనే పిలిచే కోయా తోఫూ గడ్డకట్టించి ఎండబెట్టింది, తియ్యటి రసం పీల్చుకుని స్పాంజిలా ఉంటుంది. కార్తీకంలో మడి భోజనం అంటే ఇదేనంది అమ్మ.

ఏడున్నరకు మొదటి వంతెన నుంచి కొంత దూరం నడిచాం. రాతి దీపస్తంభాలు వెలుగుతున్నాయి. చలికి ముక్కు చివర మొద్దుబారింది. మబ్బు విడినప్పుడల్లా దేవదార్ల మధ్య నుంచి చంద్రుడు. అమ్మ శాలువా తల మీదుగా కప్పుకుని, "రేవులో ఇప్పటికి దీపాలు వదిలేసుంటారు" అంది.

నవంబర్ 6, కొండ దిగి సముద్రానికి

ఆరింటికి పూజ. అగ్నిగుండం, చెక్క పుల్లలు, డప్పు. దాన్ని గోమ అంటారు, హోమమే. మంత్రాల చివర "సోవాకా" అని వస్తుంటే అమ్మ నా చెయ్యి గిల్లింది. స్వాహా! "ఓన్" ఓం, "మాని" మణి, "హాండోమా" పద్మం. ఆమె ఒక్కొక్కటీ పట్టుకుంటోంది.

మధ్యాహ్నం తీరం వెంట వెళ్ళే రైల్లో ఒక పక్క సముద్రం. ఎదుటి సీటు పెద్దావిడ సంచిలోంచి నాలుగు కమలాపళ్ళు తీసిచ్చింది. ఈ వకయమా కమలాలకు పేరున్న ప్రాంతం. అమ్మ నువ్వుల ఉండలు ఇచ్చింది. మాటలు కలవక ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నేను నోట్‌బుక్ ఇచ్చాను. ఆవిడ జపనీస్ అక్షరాలు వరసగా రాసి చదివింది: అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. అమ్మ పెన్ను అందుకుని ఆ వరసల కిందే తెలుగు రాసింది. సంస్కృత అక్షరాల చదువు నుంచే వాళ్ళకు ఈ వరస వచ్చిందని నేను తర్వాత చెప్పాను. "వరస వినగానే తెలిసిందే" అంది. నోట్‌బుక్‌లో ఆ పేజీ చించి ఆవిడ తనతో తీసుకెళ్ళింది. ఫోటో తీసుకోవాలని నాకు తట్టలేదు.

నవంబర్ 7, నాచి

నాచి పక్కనే ఉన్న కత్సువుర ట్యూనా చేపల రేవు, ఊరంతా చేపే. మాకు మళ్ళీ కందిపొడి. స్టేషన్ దగ్గర వేడినీళ్ళ ఊటలో ఊరికే కాళ్ళు పెట్టుకుని కూర్చోవచ్చు, అమ్మ మోకాళ్ళకు అది మందులా పనిచేసింది.

నాచి జలపాతం 133 మీటర్లు, ఒకే దూకు. ఇక్కడ జలపాతమే దేవుడు, మూలవిరాట్టుకు గుడి కట్టలేదు. నీళ్ళు దూకేచోట పైన అడ్డంగా పవిత్రమైన తాడు కట్టి ఉంటుంది. 300 యెన్లిచ్చి దగ్గరి మెట్టు దాకా వెళ్తే తుంపర ముఖం మీద పడుతుంది. అమ్మ ఆ తడి చేతులతోనే కళ్ళకద్దుకుంది, కార్తీక స్నానం అయిందంది. పక్క కొండ మీది సెయ్‌గాంతోజి ఆలయం మొదలైన కథలో ఒక భారతీయ సాధువు ఉన్నాడు. సముద్రంలో కొట్టుకొచ్చి, ఈ జలపాతం కింద తపస్సు చేశాడని చెప్తారు.

తిరిగి వచ్చేటప్పుడు నాచి స్టేషన్ దగ్గర దిగి ఫుదరకుసాన్‌జి చూశాం. జనం లేరు. ఫుదరకు అంటే పొతలకం, దక్షిణాన సముద్రం అవతల అవలోకితేశ్వరుడు ఉండే కొండ. చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ దాన్ని మన దక్షిణాదిలో, మలయ పర్వతాల దగ్గర ఉందని రాశాడు. 868 నుంచి 1722 దాకా ఇరవై మందికి పైగా భిక్షువులు ఇక్కణ్ణించి ఆ కొండకు బయల్దేరారు. చిన్న పడవ, దాని మీద కిటికీ లేని గది. వాళ్ళు లోపల కూర్చున్నాక బయటి నుంచి మేకులు కొట్టి, సముద్రంలోకి లాగి, తాడు కోసేసేవాళ్ళు. ఆలయం ఆవరణలో అలాంటి పడవ ఒకటి మళ్ళీ చేసి పెట్టారు. గదికి నాలుగు వైపులా నాలుగు ఎర్రటి తోరణాలు. అమ్మ ఆ పడవ చుట్టూ రెండుసార్లు తిరిగింది. గది చెక్క మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది.

"మన వైపే బయల్దేరారా వీళ్ళు?" అని అడిగింది.

అవునన్నాను. రైలుకు ఇంకా నలభై నిమిషాలుంది. రైలు పట్టాలు దాటి ఒడ్డుకెళ్ళి కూర్చున్నాం. అమ్మ సముద్రం వైపు చూస్తూ కమలాపండు ఒలిచి, తొనలు నా చేతిలో పెట్టింది. తొక్కలు సంచిలో వేసుకున్నాం. అక్కడ రోడ్డు మీద చెత్తబుట్టలుండవు, ఎవరి చెత్త వాళ్ళే ఇంటికి మోసుకెళ్ళాలి.

వత్తుల డబ్బా టేపు ఊడకుండా తిరిగొచ్చింది. కోయాసాన్‌లో కొన్న అగరుబత్తుల పక్కన వారం రోజులుంది కాబట్టి మూత తీస్తే నేతితో పాటు ఆ వాసన కూడా వస్తోంది. ఆఖరి కార్తీక సోమవారం పదిహేడో తారీకు. ఆ రోజు రేవుకు వెళ్తాం.